జాలీ మూతలు వెనక్కి తీసుకుంటున్నాం

మా దగ్గర టారంటులా (ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడు) కొన్నవాళ్లందరూ ఇది చివరిదాకా చదవండి, ముఖ్యంగా జాలీ మూత ఉన్న గాజు పెట్టె కిట్ తీసుకున్నవాళ్లు. ఆ మూతలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. వాటి బదులు చిన్న చిల్లులున్న అక్రిలిక్ మూత పంపిస్తాం. మీరు ఏమీ కట్టక్కర్లేదు, కొరియర్ ఖర్చు కూడా మాదే.

పోయిన నెల ఒక కస్టమర్ ఫోన్ చేశారు, మాట సరిగ్గా రావట్లేదు ఆవిడకి. మా దగ్గర పిల్లగా కొని నాలుగేళ్లు పెంచుకున్న మెక్సికన్ రెడ్‌నీ రకం టారంటులా, రాత్రిపూట గాజు గోడ పట్టుకుని పైకెక్కి జాలీకి వేలాడింది. టారంటులాకి ఒక్కో కాలి చివర నూగులో దాగి రెండేసి చిన్న గోళ్లుంటాయి. అవి జాలీ కన్నాల్లో ఇరుక్కుంటే వాటంతట అవి ఊడిరావు. అలా గుంజుకుని గుంజుకుని కిందపడింది, పొట్ట పగిలింది. ఆవిడ పొద్దున లేచి చూసేసరికే పోయింది.

ఇందులో ఆవిడ తప్పు ఏమీ లేదు. ఆ పెట్టె బల్లుల కోసం తయారైనది. చూడ్డానికి బాగుందని, గాలి బాగా ఆడుతుందని మేమే దాన్ని ఎంచుకుని కిట్‌లో పెట్టాం. చాలా ఏళ్లుగా సాలీళ్లు పెంచుతున్న ఇద్దరు ముగ్గురు కస్టమర్లు జాలీ వద్దని మొదట్లోనే చెప్పారు కూడా. అప్పుడు వినాల్సింది. వినలేదు. ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను, మీ అందరికీ కూడా చెప్తున్నాను.

కొత్త మూత వచ్చేలోపు మీరు ఈరోజే చేయగలిగిన పని ఒకటుంది: అడుగున ఇంకా మట్టి వేయండి. తడిపి గట్టిగా నొక్కిన కొబ్బరి పొట్టు, మట్టి కలిపి వేస్తే చాలు. మట్టి పైభాగం నుంచి మూత దాకా ఉండే ఖాళీ, కాళ్లు చాపినప్పుడు సాలీడు ఎంత వెడల్పుంటుందో దానికి ఒకటిన్నర రెట్లు మించకూడదు. అంటే కాళ్లతో కలిపి 12 సెంటీమీటర్లున్న దానికి 18 సెంటీమీటర్ల ఖాళీ, అంతే. నేల మీద బతికే రకాలు బరువైనవి, వాటి పొట్ట చర్మం పల్చన, అడుగు ఎత్తు నుంచి పడినా పగిలిపోవచ్చు. పెట్టెలో రాళ్లు, పదునైన అలంకరణలు పెట్టి ఉంటే అవి కూడా తీసేయండి. ఎవిక్యులేరియా లాంటి చెట్ల మీద ఉండే రకాలకి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాటికి ఎత్తే కావాలి, పడకుండా పట్టుకోగలవు. జాలీ మూత మాత్రం వాటికీ వద్దు.

అదే కిట్‌లో ఇచ్చిన హీట్ మ్యాట్ కూడా తీసేయండి. దీని గురించి నాకు చాలా బాధగా ఉంది, ఎందుకంటే దీనివల్ల ఎన్ని సాలీళ్లు నిశ్శబ్దంగా ఎండిపోయి ఉంటాయో లెక్క తెలిసే దారి లేదు. టారంటులా వేడిగా అనిపిస్తే చల్లదనం కోసం కిందికి తవ్వుకుంటూ పోతుంది. అడుగున మ్యాట్ పెడితే అది తవ్వేకొద్దీ వేడి ఇంకా పెరుగుతుంది. తప్పించుకునే దారే లేదు దానికి. మీకు ఇబ్బంది లేకుండా ఉన్న గది అయితే చాలా రకాలకి అదే సరిపోతుంది. నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ నిండుగా ఉండాలి. సాలీడు కాళ్లు చాచేది కండరాలతో కాదు, ఒంట్లో ద్రవం ఒత్తిడితో, అందుకే ఒంట్లో నీరు తగ్గితే కాళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. అలా కాళ్లన్నీ కిందికి ముడుచుకుని కూర్చుని కనిపిస్తే ఆలస్యం చేయకుండా నోరు నీళ్లకి తగిలేలా గిన్నె అంచున ఉంచండి, మమ్మల్ని పిలవండి. గిన్నెలో స్పాంజి వేయొద్దు, బాక్టీరియా పెరగడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

దీనికి పూర్తిగా వేరే సంగతి, వెల్లకిలా పడుకోవడం. "చచ్చిపోయింది" అని మాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. చచ్చిపోయే సాలీడు సాధారణంగా వెల్లకిలా పడుకోదు. అది కుబుసం విడుస్తోంది. దయచేసి ముట్టుకోవద్దు, తిప్పొద్దు, నీళ్లు చల్లొద్దు. దానికి ముందు వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఏమీ తినదు, టెన్షన్ పడకండి, పొట్ట నిండుగా ఉంటే ఏమీ కాదు. తినకుండా వదిలేసిన కీచురాయిని మాత్రం అదే రోజు బయటికి తీసేయాలి, కుబుసం విడిచేటప్పుడు ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, ఆ పురుగే దాన్ని కొరికేస్తుంది. విడిచాక కూడా కోరలు మళ్లీ నల్లబడేదాకా ఆహారం పెట్టొద్దు. పెద్దవాటికి రెండు వారాలు ఆగడం మంచిది. కాలు ఊడినా బెంగపడకండి, తర్వాతి కుబుసాల్లో కొత్తది వస్తుంది.

ఇంకో విషయంలో కూడా మేం మీకు సరిగ్గా చెప్పలేదు. "ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది" అని ప్రతి రెడ్‌నీ పక్కనా రాసిపెట్టాం. అది ఆడవాటికి నిజం. మగవి పెద్దయ్యే చివరి కుబుసం విడిచాక చాలావరకు ఏడాది, ఆ పైన కొద్ది నెలలు, అంతే. ఆడో మగో తేల్చకుండానే అమ్మిన ఒక పెద్దది ఎనిమిది నెలలకే చనిపోయింది, అది ఒక పిల్లవాడి పుట్టినరోజు కోసం కొన్నది. ఇకనుంచి విడిచిన కుబుసాన్ని మైక్రోస్కోప్ కింద చూసి తేల్చుకున్నాకే "ఆడది" అని రాస్తాం. మగదైతే మగదనే రాసి తక్కువ ధరకి ఇస్తాం. మీ దగ్గర ఉన్నదాని ముందు భాగంలో నోటి పక్కన ఉండే చిన్న కాళ్ల చివర్లు గ్లవ్స్ తొడిగినట్టు ఉబ్బి ఉంటే అది పెద్దదైన మగది.

అడవిలో పట్టినవి ఇకమీదట ఒక్కటి కూడా తీసుకోం. రెడ్‌నీ ఉండే బ్రాకిపెల్మా జాతి మొత్తం 1995 నుంచి, వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది, పీసిలోథీరియా జాతి 2019లో చేరింది. ఆ రెండో జాతిలోదే నీలమణిలా మెరిసే పీసిలోథీరియా మెటాలికా. గుత్తిలో దొరికిన దాన్ని చూసి బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త పోకాక్ 1899లో దానికి పేరు పెట్టాడు. తర్వాత వందేళ్లకు పైగా ఎవరికీ కనపడలేదు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. ఉన్న కాస్త అడవీ తగ్గిపోతుంటే అందంగా ఉందని దాన్ని అక్కణ్నుంచి తెచ్చి పెట్టెలో పెట్టడం నాకు చేతకాదు. ఆ రకం కావాలని అడిగేవాళ్లు దయచేసి ఇక అడగొద్దు. ఎలాగూ అది మొదటిసారి పెంచేవాళ్లకి తగినది కాదు, చాలా వేగం, దురద నూగు విదిల్చి హెచ్చరించే అమెరికా రకాల్లా కాకుండా నేరుగా కాటేస్తుంది, దాని విషం నొప్పి కూడా చాలా ఎక్కువ.

ఆ నూగు సంగతికొస్తే, పెట్టె శుభ్రం చేసేటప్పుడు ముఖం దగ్గరగా పెట్టకండి, తర్వాత చేతులు కడుక్కోకుండా కళ్లు నలుపుకోకండి. కంట్లో పడితే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

మూత కోసం మీ పెట్టె పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కొలిచి, పైనుంచి ఒక ఫొటో తీసి మాకు మెసేజ్ పెట్టండి. బిల్లు లేకపోయినా పర్లేదు. మొదటి విడత మూతలు కోయించడం అయిపోయింది, ముందు పెద్ద సాలీళ్లున్నవాళ్లకి పంపుతున్నాం, ఎందుకంటే బరువున్నవాటికే ప్రమాదం ఎక్కువ. సాలీడు పిల్లలున్నవాళ్లు ఈలోపు మట్టి పెంచి, జాలీ మీద లోపలివైపు నున్నటి ప్లాస్టిక్ షీట్‌కి సూదితో చిల్లులు పొడిచి బిగించి ఉంచండి.