వంగకుండా తీసుకోవడం నేర్పిన పెద్దావిడకు థాంక్స్

తుంటి మార్పిడి ఆపరేషన్ అయి ఇంటికొచ్చేశాను. కాలు ఇంకా వాచే ఉంది, వెల్లకిలా పడుకుని పడుకుని వీపు పట్టేసింది, నిద్ర ముక్కలు ముక్కలుగా వస్తోంది, కాబట్టి ఈ రాతకి ఒక వరస లేకపోతే సర్దుకోండి. ఫోన్ చేసిన వాళ్లకీ మెసేజ్ పెట్టిన వాళ్లకీ విడివిడిగా జవాబివ్వడానికి ఓపిక చాలడం లేదు, అందరికీ ఇక్కడే థాంక్స్. మా ఆయన, అమ్మాయి, మా ఆడపడుచు వంతులేసుకుని చూసుకున్నారు, ఇప్పటికీ చూసుకుంటున్నారు, వాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పేదేముంది.

ఇదంతా రాస్తున్నది ఒక పెద్దావిడ కోసం. ఆవిడ పేరు తెలియదు, ఎక్కడుంటారో తెలియదు. ఫిజియోథెరపీ గది బయట నా పక్క కుర్చీలో కూర్చున్నారు, అంతే పరిచయం.

ముందు నా పరిస్థితి చెప్పాలి, లేకపోతే ఆవిడ చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు. నాకు కోత వెనక వైపు నుంచి పెట్టారు. ఆ వైపు కండరాలు, కీలు చుట్టూ ఉండే పొర మళ్లీ గట్టిపడేదాకా కొత్తగా వేసిన తుంటి కీలు బంతి దాని గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకని తుంటి దగ్గర 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కంటే పైకి ఉండకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఆపరేషన్ అయిన కాలి పాదాన్ని లోపలికి తిప్పకూడదు. మామూలుగా 6 నుంచి 12 వారాలు ఇలా ఉండమంటారు, డాక్టర్ ఎంత చెబితే అంత. చదవడానికి నాలుగు ముక్కలే. ఇంటికొచ్చాక తెలుస్తుంది, మనిషి రోజుకి ఎన్నిసార్లు వంగుతాడో. చెప్పు మంచం కిందకి పోతుంది. టవల్ జారుతుంది. రిమోట్ పడుతుంది. మాత్రల అట్ట పడుతుంది. కళ్లజోడు ఎప్పుడూ చేతికి అందనంత దూరంలోనే ఉంటుంది. అన్నిటికీ ఎవరినో ఒకరిని పిలవాలి. వాళ్లు పరిగెత్తుకుంటూ వస్తారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు, కానీ పిలిచి పిలిచి నా గొంతు నాకే చిరాకు పుట్టింది. కొన్నిసార్లు దాహం వేసినా ఊరుకున్నాను, నీళ్ల బాటిల్ కోసం మళ్లీ పిలవడం ఇష్టం లేక.

అలాంటి మూడ్‌లో ఉన్నాను ఆ రోజు. కూర్చోబోతుంటే చేతిలో ఫైలు జారి ఎక్స్‌రే రిపోర్టు, బిల్లులు, మందుల చీటీ అన్నీ నేల మీద పరుచుకున్నాయి. వాకర్ పట్టుకుని వాటిని చూస్తూ నిలబడ్డాను. ఎదురుగా కూర్చున్న కుర్రాడు పాపం వెంటనే లేచాడు. పక్కన ఉన్న పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి, "ఉండు బాబూ, ఆవిడే తీసుకుంటుంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది, నిజంగా. ఈవిడకేం పని అనుకున్నాను. ఆవిడ ఒళ్లో ఉన్న పొడుగాటి కర్ర తీసి నా చేతికిచ్చి, "ఇదిగో అమ్మా, దీంతో తియ్యి" అన్నారు.

దాన్ని చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. గ్రాబర్ అంటారు, కొందరు రీచర్ అంటారు. సన్నటి అల్యూమినియం గొట్టం, ఒక చివర పిడి, రెండో చివర కొంగ ముక్కులా రెండు దవడలు. పిడి నొక్కితే గొట్టం లోపలి తీగ లాగి దవడలు మూసుకుంటాయి, వదిలితే స్ప్రింగు వాటిని తెరుస్తుంది. దవడల లోపల రబ్బరు ఉంటుంది, వస్తువు జారిపోకుండా. కొన్నిటికి చివర చిన్న అయస్కాంతం కూడా ఉంటుంది. చేతిలో పట్టుకుంటే బొమ్మలా ఉంటుంది, నాకైతే అప్పటిదాకా చెత్త ఏరే వాళ్ల దగ్గర చూసిన గుర్తే.

కాగితాన్ని మధ్యలో పట్టుకోవాలని చూశాను, రాలేదు. "నేలకి అతుక్కున్నది అట్లా రాదు, గోడ దాకా తొయ్యి, అంచు లేస్తుంది, అప్పుడు పట్టు" అన్నారు. తోశాను. అంచు లేచింది. పట్టుకున్నాను. ఆ మందుల చీటీ గాల్లో ఊగుతూ నా చేతి దాకా వచ్చింది చూడండి, ఏదో బహుమతి గెలిచినట్టు అనిపించింది. మిగతావి కూడా ఒక్కొక్కటీ నేనే తీశాను. ఆవిడ వేలు కూడా కదపలేదు. ఆ కుర్రాడు పక్కనే నిలబడి, నేను పడిపోతే పట్టుకోవడానికన్నట్టు చేతులు ముందుకు పెట్టి చూస్తూ ఉండిపోయాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నా. కాలేదు. ఆవిడ తన చేతి రుమాలు కావాలని కింద పడేశారు. "తియ్యి." తీశాను. మళ్లీ పడేశారు, ఈసారి పక్కకి. నేను నిలబడ్డచోటే నడుం తిప్పి అందుకోబోతే గట్టిగా "ఆగు!" అన్నారు, కారిడార్‌లో అందరూ తిరిగి చూశారు. "ఒళ్లు తిప్పకు. చిన్న చిన్న అడుగులేసి దానికి ఎదురుగా తిరుగు, ఒక చెయ్యి వాకర్ మీదే ఉంచు, అప్పుడు చెయ్యి చాపు." ఆ ఒక్క మాట నాకు ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. పాదం నేల మీద ఆనించి ఉంచి ఆపరేషన్ కాలి వైపుకి ఒళ్లు తిప్పితే తుంటి లోపలికి తిరిగినట్టే కదా. తిప్పకూడదని కాగితం మీద రాసిచ్చారు, పక్కన పడ్డ వస్తువు ఎలా తీసుకోవాలో చెప్పేవాళ్లు లేరు.

ఆవిడకి చేతి వేళ్లు కీళ్లవాతంతో వంకర తిరిగి ఉన్నాయి. ఒక్క వేలితో నొక్కే రకం తనకి పనికిరాదనీ, నాలుగు వేళ్లూ కలిపి పిడికిలితో నొక్కే రకమే తీసుకోవాలనీ చెప్పారు. పిడికి మెత్తటి గుడ్డ చుట్టుకున్నారు. పొడుగు ఎక్కువైతే మంచిదనుకోవద్దు అన్నారు, ఎంత పొడుగైతే చివర బరువు మణికట్టు మీద అంత పడుతుంది, గురి కూడా తప్పుతుంది. సాధారణంగా 26 అంగుళాలది, 32 అంగుళాలది దొరుకుతాయి, నేల మీదవి నిలబడి తీయాలంటే పొడుగుది, కుర్చీలోంచి వాడుకోవడానికి పొట్టిది. అర లీటరు నీళ్ల బాటిలే ఆ చివరికి వెళ్లేసరికి ఎంత బరువనిపిస్తుందో చేసి చూస్తేగానీ నమ్మరు.

అన్నిటికంటే నాకు నచ్చింది, పిడికి కట్టిన తాడు. "ఇది దేనికి?" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, "ఇదే కింద పడితే దీన్ని దేంతో తీస్తావ్?" అన్నారు. మణికట్టుకి తగిలించుకునేంత ఉచ్చు. నడిచేటప్పుడు ఆ ఉచ్చునే వాకర్‌కి పక్కగా తగిలించెయ్యాలి, రెండు చేతులూ వాకర్ మీద ఉండాలి కాబట్టి. తయారుచేసిన వాళ్లకి ఈ తాడు ఎందుకు తట్టలేదో మరి.

నన్ను లోపలికి పిలిచారు. కర్ర తిరిగి ఇవ్వబోతే, "ఉంచుకో, నాకు ఇంట్లో ఇంకోటి ఉందిలే" అని వాకర్‌కి తనే తగిలించేశారు. బయటికొచ్చేసరికి ఆవిడ లేరు. రిసెప్షన్‌లో అడిగితే పేషెంట్ల వివరాలు చెప్పకూడదన్నారు, అది న్యాయమే.

ఇంటికొచ్చి అదే రోజు రాత్రి టవల్ పడింది. అలవాటుగా పిలవబోయి ఆగి, తాడు మణికట్టుకి వేసుకుని, అడుగులేసుకుంటూ ఎదురుగా తిరిగి, తీసుకున్నాను. భుజం మీద వేసుకున్నాను. ఇక ఆగలేదు ఏడుపు. ఆపరేషన్ ముందు ఏడవలేదు, నొప్పికి ఏడవలేదు, టవల్‌కి ఏడ్చాను. మా ఆయన కంగారుపడి పరిగెత్తుకొచ్చారు, ఏం జరిగిందంటే ఏం చెప్పను? అమ్మా, మీరెవరో గానీ, నాకు సాయం చేసిన వాళ్లంతా నా వస్తువులు తీసిచ్చారు. మీరొక్కరే నన్ను తీసుకోనిచ్చారు. కాలు మడిచి మీ పాదాలకి దణ్ణం పెట్టే స్థితిలో లేను కాబట్టి ఇక్కడినుంచే పెడుతున్నాను.

ఇప్పుడు దాంతో చాలా చేస్తున్నాను. ప్యాంటు నడుము పట్టీని దవడలతో పట్టుకుని కిందకి దింపి, ముందు ఆపరేషన్ కాలు, తర్వాత మంచి కాలు దూర్చి, మోకాళ్ల పైదాకా లాగి అప్పుడు లేస్తాను. విప్పేటప్పుడు ఆపరేషన్ కాలు ఆఖర్న. దుప్పటి లాక్కుంటాను, కర్టెన్ జరుపుతాను, వాషింగ్ మెషిన్ అడుగున మిగిలిన రుమాళ్లు తీస్తాను. పిన్నీసులు అయస్కాంతానికి అంటుకుంటాయి. పల్చటివి పట్టు దొరక్కపోతే రబ్బరుని కాస్త తడి చేస్తే దొరుకుతాయి. మేజోళ్లకి మాత్రం ఇది పనికిరాదు, దానికి వేరే పరికరం ఉంది. గాజు వస్తువులు, వేడివి, కరెంటు ప్లగ్గులు దీంతో ముట్టుకోను. తల కంటే ఎత్తులో ఉన్న బరువైనవి అసలే వద్దు, జారితే మొహం మీదే పడతాయి. ఇంకోటి, ఇది చేతికర్ర కాదు, దీని మీద బరువు వేసి లేవకండి, ఆ గొట్టం ఆగదు. బాత్రూమ్‌లో వాడేదాన్ని మంచం దగ్గర వాడకుండా రెండోది కొనుక్కున్నాను.

ఇప్పుడు ఒక మాట అనకుండా ఉండలేను. ఇంత పెద్ద ఆపరేషన్ చేసి, ఇన్ని కాగితాలిచ్చి, "వంగకూడదు" కింద రెండు గీతలు గీసిన ఆసుపత్రిలో, ఈ కర్ర ఒకటుంటుందని చెప్పేవాళ్లు ఒక్కరు లేరా? రోజువారీ పనులు ఎలా చేసుకోవాలో నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులు అనే వాళ్లు ఉంటారని నాకు తర్వాత తెలిసింది. మా దగ్గరికి ఎవరూ రాలేదు. సర్జన్ గారి చెయ్యి బంగారం, ఆయన్ని ఒక్క మాట అనను. కానీ ఎముకల విభాగం బయట వేసిన సోఫాలు చూడండి, అందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కూర్చోకూడదని లోపల చెప్పిన ఎత్తులోనే బయట సోఫాలు! బిల్లింగ్ దగ్గర ఫారాల డబ్బా మోకాలి ఎత్తులో పెట్టారు. టోకెన్ కింద పడిందంటే కౌంటర్‌లో ఉన్న మనిషి తలెత్తకుండా "తీసుకోండి మేడం" అన్నాడు. ఇన్సూరెన్స్ వాళ్లు సరేసరి, గ్రాబర్, ఎత్తు కమోడ్ సీటు అన్నీ "వ్యక్తిగత సౌకర్యం" కిందకి వస్తాయట, ఇవ్వరట. లక్షణంగా కీలు మార్చడానికి డబ్బిస్తారు, ఆ కీలు జారిపోకుండా కాపాడే కర్రకి మాత్రం ఇవ్వరు. జారితే మళ్లీ వాళ్లే కట్టుకోవాలి కదా, ఆ లెక్క కూడా రాదా? సర్లెండి, బీపీ పెంచుకోకూడదు ఇప్పుడు.

అయ్యో, మర్చిపోయాను, ఆ కారిడార్ కుర్రాడికి థాంక్స్, నేను తర్వాత వెతికితే కనబడలేదు. నైట్ డ్యూటీ నర్సు, ఆవిడ దిండు కాళ్ల మధ్య పెట్టడం ఎన్నిసార్లు సరిచేశారో. స్ట్రెచర్ తోసిన అతను, లిఫ్ట్ గడప దగ్గర కుదుపు రాకుండా ఎత్తి దాటించాడు, అది నాకు గుర్తుంది. మా ఆఫీసు వాళ్లు సెలవు సంగతి ఏమీ అడక్కుండా చూసుకున్నారు. ఇంకా పక్కింటి వాళ్ల అబ్బాయి, నా కర్రతో ఆడుకుంటూ మంచం కింద ఎప్పుడో పోయిన నా రెండో చెప్పు బయటికి తీశాడు, వాడికి కూడా.