డిసెంబరు కబుర్లు, శ్రీకాకుళం నుంచి

పెద్దలకు నమస్కారాలు. అందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను.

చిన్నత్త, మావయ్య, పిల్లలు వచ్చి వెళ్లారు. అరసవల్లి దర్శనం అయ్యాక పిల్లలు పట్టుబట్టడంతో టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లాం. ఊళ్లో చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకున్నాయి. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి మెడదాకా తల దూర్చి చేప తింటుంటే, "అమ్మో, మింగేస్తోంది!" అని మన బుజ్జిగాడు ఒకటే గోల. వాసన మాత్రం భరించాలి, ముందే చెబుతున్నా.

మర్నాడు పొందూరు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, ఆ సన్నటి పళ్లే దువ్వెన. ఖద్దరు పంచె ధర విని అత్త కళ్లు తేలేసింది. మావయ్య బేరం కూడా ఆడకుండా కొనేశారు!

నాన్నగారు మళ్లీ హార్మోనియం తీశారు. మేడ మీద చిక్కుడుపాదు విరగకాసింది, చుట్టుపక్కల వాళ్లకు పంచుతున్నా.

సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారో ఆదివారంలోగా చెప్పండి. అరిసెలకు బియ్యం ఎంత పోయాలో అమ్మకి అదే టెన్షన్. రైలు టికెట్లు ఇప్పుడే చూసుకోండి.