గోడలో బిగుసుకున్న కుళాయి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

వంటింటి సింకు కుళాయి రాత్రంతా కారుతున్నదనీ, కొత్తది తెచ్చుకున్నా పాతది గోడలో నుంచి కదలడం లేదనీ నిన్న ఫోనులో చెప్పావు. హడావుడిలో నేను చెప్పింది సగమే కనుక, పానా చేతపట్టే ముందు ఇది చదువుకో.

మీ అపార్టుమెంటుకు వచ్చేది బోరు నీరు. అందులోని సున్నం ఏళ్ల తరబడి కుళాయి మరల (స్క్రూ గాట్ల) సందుల్లో పేరుకొని రాయిలా గట్టిపడుతుంది. ముందు దాని సంగతి చూడకుండా బలం చూపిస్తే లాభం లేదు. ట్యాంకు నుంచి వంటింటికి వచ్చే వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి, గొట్టంలో మిగిలిన నీటిని వదిలేయి. గోడకు ఆనుకొని ఉన్న గుండ్రటి స్టీలు బిళ్లను ముందుకు జరిపితే, కుళాయి గోడలోకి దిగే చోట తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చగా పెచ్చుకట్టిన గార కనబడుతుంది. పాత గుడ్డను వెనిగరులో తడిపి దాని చుట్టూ కట్టి రెండు గంటలు ఉంచు. నిమ్మరసమైనా సరిపోతుంది, సన్నగా నురగ వచ్చిందంటే గార కరుగుతున్నట్లే. బాత్‌రూము కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు, అది లోహాన్ని కూడా తినేస్తుంది. గోడలోది ప్లాస్టిక్ గొట్టం కావచ్చు కనుక మంట చూపవద్దు, కిరోసిన్ పోయవద్దు.

ఇక్కడ నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు, పైపు రెంచికి ఇనుప గొట్టం తొడిగి మన కుళాయిని ఒక్క ఊపున తిప్పాను. కుళాయి ఊడలేదు సరికదా, గోడలోని ఎల్బో, అంటే గొట్టం మలుపు ముక్క, తిరిగి పగిలింది. నాలుగు టైల్సు పగలగొట్టి గోడ తవ్వించవలసి వచ్చింది. మీ అమ్మ ఇప్పటికీ చుట్టాలకు ఆ అతుకు చూపిస్తుంది.

అందువల్ల వంపు తిరిగిన ముక్కును పట్టుకోకుండా, గోడకు దగ్గరున్న లావుపాటి భాగానికి గుడ్డ చుట్టి, అక్కడ రెంచి బిగించి, గడియారపు ముళ్లకు ఎదురు దిశలో నిదానంగా ఒత్తిడి పెంచు. టక్కుమని చిన్న చప్పుడుతో పట్టు వదులుతుంది. వెంటనే తిప్పేయక, కొంచెం వెనక్కి, కొంచెం ముందుకు ఆడిస్తూ రా. అర అంగుళం కుళాయికి మరలు అంగుళానికి 14 ఉంటాయి, అందుచేత ఏడెనిమిది చుట్లలో చేతికి వచ్చేస్తుంది. టైల్సు కదిలినా, గోడలో కిర్రుమన్నా అక్కడితో ఆపి ప్లంబరును పిలువు, దానికి సిగ్గుపడనక్కరలేదు.

కొత్తదానికి మర కొస నీ వైపు ఉండేలా పట్టుకొని, నీరు కారకుండా మరకు చుట్టే పలుచని టెఫ్లాన్ టేపును గడియారపు ముళ్లు తిరిగే దిశలో పది పన్నెండు చుట్లు చుట్టు. బిగించాక వాల్వు మెల్లగా తెరిచి, కుళాయి కింద పాత పేపరు పరిచి ఉంచు. తెల్లారి అది పొడిగా ఉంటే పని అయినట్లే. పాత కుళాయిని పారేయకు. ఇంటి యజమానికి చూపించి, కొత్తదాని ఖర్చు అద్దెలో మినహాయించమని అడుగు.

ఇట్లు,
నాన్న