సముద్రంలో సమ్మెట దెబ్బలు

సంపాదకులకు,

మాది భీమిలి దగ్గర ఒక పల్లె. నలభై ఏళ్లుగా వేటకెళ్తున్నాను. ఆమధ్య జెట్టీ కోసం ఇనుప గొట్టాలు దిగ్గొడుతుంటే, దూరంగా ఉన్న మా పడవ చెక్కలోనూ ఆ అదురు తెలిసింది. రోజూ కనిపించే డాల్ఫిన్లు ఆ వారం రాలేదు. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. చెవులతోనే చేపను వెతుక్కునే జీవి ఏమైపోవాలి?

జర్మనీలో గొట్టం చుట్టూ అడుగున కన్నాల పైపు పరిచి, గాలి పంపి, బుడగల తెర కడతారట. 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దం 160 డెసిబెల్స్ మించకూడదని అక్కడి షరతు. మావాడు ఫోన్‌లో వీడియో చూపించేదాకా నేను నమ్మలేదు. బుడగలతో శబ్దం ఆగుతుందా అని నవ్వాను కూడా.

ఇక్కడా టెండర్లోనే ఆ షరతు రాయాలి. తాబేళ్లు గుడ్లకొచ్చే నెలల్లో దిగ్గొట్టడం ఆపాలి.

– ఒక మత్స్యకారుడు, భీమిలి