చిన్నా, ఇది చదివి ఫోన్ చెయ్

ఒరేయ్ చిన్నా, పది రోజులైంది నీ గొంతు విని, పనెక్కువ ఉందనుకుంటాలే. ఇక్కడ బానే ఉన్నాం, నాన్న మోకాలు మామూలే, గౌరి ఈనింది, పెయ్యదూడ. నిన్న పద్మత్త ఫోన్ చేసి నువ్వు ఉద్యోగం మానేసి చేవెళ్ల దగ్గర 3 ఎకరాలు కౌలుకి తీసుకున్నావంది, ఆర్గానిక్ కూరగాయలు పండించి అపార్ట్‌మెంట్లలో అమ్ముతావంట. నేను నమ్మలేదనుకో, దాని సంగతి తెలిసిందేగా.

తెనాల్లో కూడా ఆర్గానిక్ షాపులొచ్చాయి, తిరుమల స్వామి నైవేద్యానికి కూడా 2021లో ప్రకృతి వ్యవసాయం సరుకు వాడటం మొదలెట్టారు. మంచిదే, నేనేం కాదన్లేదు. వేళకి తింటున్నావా అసలు?

బాబాయి సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు హాస్టల్లో ఉన్నావ్. 2017లో ప్రకృతి వ్యవసాయం ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి, చేనుకి పోసే జీవామృతం కలపడానికి 200 లీటర్ల డ్రమ్ము కొన్నాడు, నీళ్లలో 10 కేజీల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కేజీల బెల్లం, 2 కేజీల శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి వేసి రెండు రోజులు పొద్దున్నా సాయంత్రం కర్రతో తిప్పడమే పని, పిన్నేమో బెల్లం డబ్బా దాచేసేది. మొదటేడు ఎకరానికి 30 బస్తాలు పండే చేను 18 ఇచ్చింది, మిల్లు ఆయన దాన్ని అందరి ధాన్యంలోనే కలిపేసి అందరి రేటే కట్టాడు. మూడో ఏడు గడ్డ తిరగేస్తే చాలు వానపాములు, దిగుబడీ లేచింది, అప్పుడొచ్చాడు కాలవగట్టు ఆసామి, చేను బాగుందిగా అని ఎకరానికి 3 బస్తాలు ఎక్కువిస్తానన్నోడికి కౌలుకిచ్చేశాడు. అది సొంత చేను కాదురా మరి. ఆ డ్రమ్ములో ఇప్పుడు కోళ్లు పడుకుంటున్నాయి.

అందుకే అడుగుతున్నా, ఊరికే, కౌలు కాగితం రాయించుకున్నావా, ఎన్నేళ్లకి? పీజీఎస్ అని రైతులే గ్రూపుగా తెచ్చుకునే ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉందిగా, దానికి కనీసం 5గురు రైతులు గ్రూపు కట్టి ఒకళ్ల పొలం ఒకళ్లు చూసుకోవాలంట, మారే రెండు మూడేళ్లూ గ్రీన్ అనే రాస్తారంట గానీ ఆర్గానిక్ అని రాయరంట, బాబాయే చెప్పాడు. అన్నాళ్లు ఈఎంఐ ఎవరు కడతారు? లెక్చర్ ఇవ్వకూడదనుకున్నా, సర్లే. ఎండలో టోపీ పెట్టుకో, నీకు చిన్నప్పట్నుంచీ ముక్కులోంచి రక్తం కారేది.

గోంగూర పచ్చడి సీసాలో పెట్టా, బాబాయి నాటు బెండ, దోస విత్తనాలు పొట్లం కట్టిచ్చాడు, ఎవరికని నేనూ అడగలేదు. ఆర్టీసీ కార్గోలో వేస్తా. హైదరాబాద్ రూముకి పంపనా, చేవెళ్లకా?

అమ్మ