ఆ నలభై నిమిషాలు తలుపు వేసి ఉంచండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం నుంచి మన తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. "బడివాళ్ళు పిల్లల చేత ఇంటి గుట్టు చెప్పిస్తున్నారంట" అని. ఎవరు పంపారో నేను అడగడం లేదు. జరిగింది మాత్రం చెబుతాను. పిల్లలు మనసులోని బాధ చెప్పుకోవడానికి మన బడి పెట్టిన ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో, ఇంటి నుంచి ఒక విద్యార్థి కౌన్సెలర్‌తో మాట్లాడుతుండగా ఇంట్లో పెద్దవాళ్ళు ఫోన్ లాక్కొని, "ఏం చెప్తాండాడు మావాడు?" అని కౌన్సెలర్‌ను నిలదీశారు. ఆమె మర్యాదగానే కాల్ ముగించారు. ఆ సంగతి తెల్లారేసరికి కడపంతా పాకింది.

కౌన్సెలింగ్ అన్న మాటే సగం గొడవకు కారణం అనుకుంటాను. మనకు ఆ మాట వింటే ఇంజనీరింగ్ సీట్లే గుర్తొస్తాయి. ఒక జేజినాయన ఆఫీసుకు వచ్చి, "ఆరో తరగతికే కౌన్సెలింగ్ ఏంది సార్, ఏ కాలేజీలో వస్తాది సీటు?" అని అడిగారు. నవ్వొచ్చింది కానీ, అడిగినందుకు ఆయనకు దండం పెట్టాను. మిగతావాళ్ళు అడగకుండానే మెసేజ్ ఫార్వర్డ్ చేశారు.

కౌన్సెలర్ డాక్టరు కాదు, మందులు రాయరు. మార్కులు పెంచే ట్యూషనూ కాదు. మొదటి రోజు మీ బిడ్డ ఎక్కడ కూర్చున్నదీ, పక్కన ఎవరైనా ఉన్నదీ, నెట్ పోతే ఏ నంబరుకు చేయాలన్నదీ అడుగుతారు. రికార్డింగ్ ఉండదు, మీరూ చేయకండి. కొందరు పిల్లలు మొదటి రోజంతా క్రికెట్ గురించే మాట్లాడతారు. ఫరవాలేదు. ఒక్క కాల్‌తో బిడ్డ మారిపోవాలని చూడకండి, రెండు మూడు కాల్స్ అయ్యాకే పిల్లలు అసలు విషయానికి వస్తారు.

బిడ్డ చెప్పింది కౌన్సెలర్ మీకు చెప్పరు, నాకూ చెప్పరు. అయితే బిడ్డ తనకు తాను హాని చేసుకునేలా ఉన్నా, ఇంకొకరికి చేసేలా ఉన్నా, ఎవరైనా బిడ్డను బాధపెడుతున్నా దాచరు. ఈ మాట మొదటి కాల్‌లోనే పిల్లలకు చెబుతారు. లైంగిక వేధింపు అని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే. అందులో మా ఇష్టం, మీ ఇష్టం అంటూ ఏమీ లేదు.

"ఆమె తప్పు సలహా ఇస్తే ఎవరు చూస్తారు?" అని ఒక అమ్మ అడిగారు. మంచి ప్రశ్న. మా కౌన్సెలర్ నెలకు రెండుసార్లు తనకంటే అనుభవమున్న మరో కౌన్సెలర్‌తో కూర్చుని తన పనిని చర్చించుకుంటారు. పిల్లల పేర్లు, ఊర్లు చెప్పరు. దీన్నే సూపర్‌విజన్ అంటారు. పైఅధికారి తనిఖీ లాంటిది కాదు. ఎక్కడ తొందరపడ్డాను, ఎక్కడ సరిగ్గా వినలేదు అని ఇంకొకరి ముందు ఒప్పుకోవడం. టీచర్లకు కూడా ఇలాంటిది ఉంటే బాగుండేదని, ముప్పై ఏళ్ళ సర్వీసు తర్వాత నాకు అనిపిస్తోంది.

ఇక నాకు ప్రాణమైన సంగతి, మన మెంటర్లు. తొమ్మిదో తరగతి పిల్లలు ఒక్కొక్కరు ఒక ఆరో తరగతి బిడ్డకు తోడు. వాళ్ళు కౌన్సెలర్లు కారు, కాకూడదు కూడా. బరువైన మాట ఏదైనా వింటే అదే రోజు మెంటరింగ్ టీచర్‌కు చెప్పాలని నేర్పాం. వాళ్ళ పనల్లా గమనించడం. ఒక ఆరో తరగతి అబ్బాయికి ప్రతి సోమవారం కడుపునొప్పి. బడికి డుమ్మా. మేమంతా హోంవర్క్ ఎగ్గొట్టడానికే అనుకున్నాం. వాడి మెంటరమ్మాయి మూడు వారాలు గమనించి పట్టుకుంది: సోమవారం డ్రిల్లుకు తెల్ల బూట్లు వేసుకోవాలి, వాడివి బిగుతయ్యాయి, కొత్తవి అడిగితే నాన్న తిడతాడని భయం. పీఈటీ సారుకు చెవిలో చెప్పింది, అంతే. ఆ తర్వాత ఒక్క సోమవారం కూడా మానలేదు. ఇద్దరినీ అడిగి, పేర్లు రాయనని మాటిచ్చి ఇది రాస్తున్నాను. ఇంత పని మా స్టాఫ్‌రూమంతా కలిసి చేయలేకపోయింది! ఈ నెల మెంటర్ జంటలను సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి నేనే తీసుకెళ్తున్నాను.

బూట్ల కోసం భయపడే బిడ్డ ఇంతకంటే పెద్ద విషయం మీ దగ్గర ఎలా నోరు తెరుస్తాడో మీరే చెప్పాలి. కాల్ నడిచే నలభై నిమిషాలూ తలుపు దగ్గరికి వేయండి. కెమెరా వెనక నిలబడి సైగలు చేయకండి. కాఫీ ఇచ్చే సాకుతో మూడుసార్లు లోపలికి వెళ్ళకండి. అయిపోగానే "ఏమడిగింది? మా గురించి ఏం చెప్పినావ్?" అనకండి. పదకొండింటిదాకా టీవీ సీరియల్ మోగే గదిలో బిడ్డను కూర్చోబెట్టి "మావాడికి ఏకాగ్రత లేదు మేడమ్" అని కౌన్సెలర్‌కు మెసేజ్ పెట్టే పెద్దలకు ఇంతకంటే మర్యాదగా ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

అత్యవసరమైతే మా కాల్ కోసం ఎదురుచూడకండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన సహాయ ఫోన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలే నేరుగా సాయం అడగాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

ఎస్ఏ-1 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం. బస్సు ఫీజు బాకీలు కట్టేయండి. రెండో శనివారం మీటింగు ఉంది.

కౌన్సెలింగ్ అనుమతి ఫారాలు శుక్రవారంలోగా పంపండి. సంతకం మీరే పెట్టాలి. పోయినసారి నాలుగు ఫారాల మీద నాన్న సంతకం బిడ్డ చేతిరాతలో ఉంది. అందులో ఒకరు నాన్న పేరులో ఒత్తు కూడా మరిచిపోయారు.

మీ
ప్రధానోపాధ్యాయుడు