జాంగ్ షాన్ గెలిచిన పందెం, మా ఊరి పందెం

సంపాదకుల వారికి నమస్కారం.

అయ్యా,

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో జరిగిన స్కీట్ షూటింగ్ మిశ్రమ జట్ల పోటీలో మన మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా ఒకే ఒక్క పాయింటు తేడాతో, 43-44 స్కోరుతో, చైనా జోడీకి కాంస్యాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆ వార్త చదివి అందరితోపాటు నేనూ బాధపడ్డాను. అయితే స్కీట్‌లో ఆడవాళ్లు, మగవాళ్లు ఒకే బరిలో నిలబడడం వెనుక పెద్ద కథే ఉంది. ఆ కథలో ముఖ్యురాలైన చైనా షూటర్ జాంగ్ షాన్ పేరు మన పిల్లలకు తెలియదు. ఈ ఉత్తరం ఆమె గురించి.

స్కీట్ చూడనివారి కోసం కొంచెం చెబుతాను. అర్ధచంద్రాకారపు మైదానానికి ఎడమ కొసన ఎత్తుగా ఒక గది, కుడి కొసన పొట్టిగా మరొక గది ఉంటాయి. వాటిలోని యంత్రాలు పదకొండు సెంటీమీటర్ల వెడల్పున్న బిళ్లలను గాలిలోకి విసురుతుంటే, షూటర్ ఎనిమిది స్థానాలకు వరుసగా మారుతూ వాటిని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. బిళ్ల కంటపడేదాకా తుపాకీ మడమ నడుము దగ్గరే ఉండాలి. షూటర్ పిలవగానే బిళ్ల రావచ్చు, మూడు సెకన్ల దాకా ఆగి రావచ్చు; ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు. ఒక్కోసారి రెండు గదుల నుంచీ రెండు బిళ్లలు ఒకేసారి ఎదురెదురుగా లేస్తాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు ఆటలు నేర్పినవాడిగా చెబుతున్నాను, ఈ ఆటలో కండబలం కంటే కంటిచూపుకు, మనసు నిలకడకే ఎక్కువ పని.

స్కీట్ 1968లో మెక్సికో ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడ అయింది. అదే ఏడాది చైనాలోని సిచువాన్ ప్రాంతంలో, నాన్‌చోంగ్‌లో జాంగ్ షాన్ పుట్టారు. అప్పట్లో ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు విడిగా స్కీట్ పోటీ లేదు. మగవాళ్లతో కలిసే కాల్చాలి. 1992లో బార్సిలోనాకు వచ్చేనాటికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఫైనల్‌కు ముందు కాల్చవలసిన 200 బిళ్లలలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆమె వదల్లేదు. ఫైనల్‌లోని 25లో రెండు తప్పాయి. మొత్తం 225కు 223. పెరూ దేశపు హువాన్ గిహా, ఇటలీకి చెందిన బ్రూనో రోసెట్టి చెరి 222తో ఆమె తర్వాత నిలిచారు. ఆడ, మగ కలిసి పాల్గొనే ఒలింపిక్ షూటింగ్ పోటీలో స్వర్ణం గెలిచిన మొదటి మహిళ ఆమే.

ఆ స్కోరు కంటే బహుమతుల వేదిక మీది దృశ్యం నన్ను ఎక్కువగా కదిలించింది. ఓడిన గిహా, రోసెట్టి ఇద్దరూ చెరో పక్కన నిలిచి ఆమెను పైకెత్తి పట్టుకున్నారు. తమను ఒక ఆడమనిషి ఓడించిందన్న చిన్నతనం వాళ్లలో కనిపించదు.

కానీ నాలుగేళ్ల తర్వాత అట్లాంటాలో స్కీట్‌ను మగవాళ్లకే పరిమితం చేశారు. ఆడవాళ్లకు విడిగానైనా పెట్టలేదు. కారణం ఏదైనా కానివ్వండి, ఒలింపిక్ విజేత తన పతకాన్ని నిలబెట్టుకోవడానికి బరిలోకి దిగే అవకాశమే లేకుండా పోయింది. మహిళల స్కీట్ 2000లో సిడ్నీలో గానీ రాలేదు. అప్పటికి ఎనిమిదేళ్లు గడిచిపోయాయి. జాంగ్ షాన్ అక్కడ పోటీచేసి ఎనిమిదో స్థానంలో నిలిచారు. విడిగా పెట్టిన తర్వాత కూడా చాలా కాలం ఆడవాళ్లకు అర్హత పోటీలో 75 బిళ్లలే ఇచ్చారు, మగవాళ్లకు 125. 2016 రియోలోనూ అంతే. టోక్యోకు వచ్చాకే ఇద్దరికీ 125 అయ్యాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా ఊళ్లో ఉగాదికి రామాలయం నుంచి చెరువుకట్ట దాకా, మళ్లీ వెనక్కి పరుగు పందెం పెట్టడం ఆనవాయితీ. రెండేళ్ల కిందట పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, చెప్పులు విడిచి స్నేహితురాలి చేతికిచ్చి, మగపిల్లలతో కలిసి పరుగెత్తి మొదట వచ్చింది. మరుసటి ఉగాదికి "మగపిల్లలకు మాత్రమే" అని మైకులో చెప్పారు. ఆడపిల్లలకు ముగ్గుల పోటీ పెట్టారు. పెట్టినవాళ్లు నా దగ్గర చదువుకున్నవాళ్లే కాబట్టి వెళ్లి అడిగాను. "మొగపిల్లోళ్లు చిన్నబుచ్చుకుంటారు సార్" అన్నారు.

గిహా, రోసెట్టి ఆ రోజు ఏమీ చిన్నబుచ్చుకోలేదు. రోసెట్టి కొడుకు గాబ్రియేలే 2016లో రియోలో పురుషుల స్కీట్ స్వర్ణం గెలిచాడు; మొదట చెప్పిన పారిస్ మిశ్రమ జట్ల పోటీలో డయానా బకోసీతో కలిసి స్వర్ణం గెలిచిందీ అతనే. ఆడమనిషిని భుజానికెత్తుకున్న తండ్రికి పుట్టినవాడు, ఆడమనిషి పక్కన నిలబడి గెలిచాడు.

పరుగులో ఆడపిల్లలకు, మగపిల్లలకు పందేలు విడిగా పెట్టడం తప్పని నేను అనను. అలా పెట్టినప్పుడు దూరమూ, బహుమతీ ఇద్దరికీ ఒకటిగా ఉండాలి. పరుగు తీసేసి ముగ్గులు ఇవ్వడం మాత్రం అన్యాయం. మన కడప జిల్లా పల్లె నుంచి వెళ్లిన శ్రీచరణి 2025లో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉందని ఊరూరా ఫ్లెక్సీలు కట్టిన మనమే ఇలా చేయడం నాకు మింగుడుపడడం లేదు.

తమ క్రీడా పేజీలో జాంగ్ షాన్ జీవితాన్ని వివరంగా, వీలైతే ఆ వేదిక మీది ఫోటోతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఉగాదికి ముందే వస్తే మరీ మంచిది; ఆ కాగితం కత్తిరించి రామాలయం అరుగు దగ్గర నేనే అంటిస్తాను. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తెల్లవారుజామున కేసీ కాలువ గట్టు మీద ఇంకా పరుగెత్తుతూనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
మైదుకూరు మండలం, కడప జిల్లా.